టీవీ కంటే ముందు మా సందుకొచ్చిన ఓడ

మా మేనత్తకి విశాఖపట్నం వన్ టౌన్‌లో అద్దె పుస్తకాల షాపు ఉండేది. షాపంటే మరీ పెద్దదేం కాదు, వాళ్ల ఇంటి ముందుగదే. వీధివైపు తలుపు తీస్తే షాపు, వేసేస్తే ఇల్లు. మూడు గోడలకీ చెక్క అరలు. వాటి నిండా డిటెక్టివ్ పుస్తకాలు, వారపత్రికల్లోంచి చింపి కుట్టించిన సీరియళ్లు, ఊడిన అట్టల స్థానంలో కొత్త అట్టలు వేయించుకున్న నవలలు. మావయ్య పోర్టులో పనిచేస్తూ పోయాక, ఆయన ఇష్టంగా కొని దాచుకున్న పుస్తకాలతోనే అత్త ఆ షాపు పెట్టింది. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. అయినా తను చదవని పుస్తకం అరలోకి ఎక్కనిచ్చేది కాదు.

"అదొద్దు బాబూ. సగం దాకా బాగుంటాది. ఆ తర్వాత రాసినోడికే ఇసుగొచ్చీసినట్టున్నాది," అని అద్దెకి వచ్చినవాళ్లకి మొహం మీదే చెప్పేసేది. వ్యాపారం చేసుకునేవాళ్లు అలా చెప్పుకోకూడదని ఎవరైనా అంటే, "రేపు మళ్లీ నా మొకమే కదా సూడాల," అనేది.

ఆ రోజుల్లో అద్దె పుస్తకాలు చదివేవాళ్లకి ఒక అలవాటుండేది. చివరి పేజీలో కాస్త ఖాళీ దొరికితే చాలు, తమ అభిప్రాయం రాసిపడేసేవారు. "సూపర్", "చదవొద్దు, తలనొప్పి", "హంతకుడు తోటమాలే". ఈ చివరి రకం వాళ్లంటే అత్తకి ఒళ్లుమంట. తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ వెనకనుంచి తిప్పి చూసి, రాతలుంటే రబ్బరు పెట్టి శుభ్రంగా చెరిపేసేది. పెన్నుతో రాసి ఉంటే ఆ పేజీ మీద తెల్లకాగితం అంటించేది.

నేను అప్పటికి బీఎస్సీ పూర్తిచేసి ఉద్యోగ పరీక్షలు రాస్తున్నాను. మాది గోపాలపట్నం. నాన్న పల్లెలో పొలం తమ్ముడికి అప్పగించి సిటీలో ఉద్యోగానికి వచ్చినవాడు. ఇంట్లో చదువుకోవడానికి చోటు లేదన్న వంకతో పొద్దున్నే బస్సెక్కి అత్త షాపుకి వచ్చేసేదాన్ని. వచ్చి, చదవాల్సినవి తప్ప అన్నీ చదివేదాన్ని.

అత్తకి ఒక్కడే కొడుకు. మా బావ. ఓడల్లో ఇంజన్ గదిలో పని. ఏడాదిలో ఎక్కువ నెలలు సముద్రం మీదే ఉండేవాడు. పెళ్లి మాట ఎత్తితే చాలు, సెలవు మిగిలుండగానే ఇంకో ఓడ వెతుక్కునేవాడు. అలా ఒకసారి ఇంటికొచ్చినప్పుడు సబ్బులూ సెంట్లతోపాటు ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. అట్ట మీద నల్లటి ఆకాశం, అందులో వెండిరంగు ఓడ ఒకటి. లోపల మొదటి పేజీలో అచ్చువేసి ఉంది, ఇది ఫలానా టెలివిజన్ సీరియల్ ఆధారంగా రాసిన నవల అని.

"ఈ సీరియల్ నాను సూసేనే," అన్నాడు బావ. "పరదేశం రేవులో మాకో క్లబ్బుంటది, ఓడల్లో పన్జేసేవోళ్లకి. దాన్లో టీవీ. ఓడ దిగినప్పుడల్లా అందరం కూకుని సూసీవోళ్లం. మాటలు సగం అర్థమయ్యీవి కావు. అందుకే పుస్తకం కొనీసేను. నువ్వు సదివి నాకు కత సెప్పు."

మాకు టీవీ అంటే ఎగ్జిబిషన్‌లో చూసిన వస్తువు. అప్పటికి విశాఖపట్నానికి టీవీ ప్రసారాలే రాలేదు. ఆ లెక్కన, ఎప్పుడూ చూడని, చూస్తామో లేదో తెలియని సీరియల్ తాలూకు నవల చదవడం మొదలుపెట్టాను.

కథ ఇది. నక్షత్రాల మధ్య తప్పిపోయిన ఓడల్ని వెతికి, అందులో మిగిలిన మనుషుల్ని కాపాడి తెచ్చే ఓడ ఒకటుంటుంది. దానికి కెప్టెన్ ఒక ఆడమనిషి. ఆమె దగ్గర కొద్దిమంది సిబ్బంది, మాట్లాడే యంత్రం ఒకటి. ఎవరూ తిరిగిరాని చీకటి ప్రాంతంలోంచి ఒకరోజు సాయం అడుగుతూ సందేశం వస్తుంది. వెళ్లాలా వద్దా, వెళ్తే తిరిగి రాగలరా అన్నదే కథంతా. నడుమ ఒక అధ్యాయం మాత్రం ఓడలో జరగదు. కెప్టెన్ తల్లి సొంత గ్రహం మీద ఒంటరిగా ఉంటుంది. రోజూ సాయంత్రం రేడియో పెట్టుకుని కూర్చుంటుంది. రేడియోలో ఏమీ రాదు, గరగరమన్న చప్పుడు తప్ప. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ కూతురు వెళ్లిన దారి తెరిచే ఉందని ఆవిడ నమ్మకం. అధ్యాయమంతా అంతే. ఆవిడ లేస్తుంది, దీపం సవరిస్తుంది, మళ్లీ కూర్చుంటుంది.

బావ కథ పూర్తిగా వినకుండానే ఓడెక్కేశాడు. కానీ అతనికి చెప్తున్నప్పుడు పక్కన చేరి వింటున్న అత్త మాత్రం వదల్లేదు.

"తర్వాతేటైంది? ఎల్లిందా నేదా?" అని అడిగింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక షాపుకి జనం తక్కువ. ఆ వేళ అత్తకి చెప్పడం మొదలుపెట్టాను. రెండో రోజుకి గుమ్మం దగ్గర ఇంకొకరు చేరారు. ఎండుచేపలు అమ్ముకునే ఆవిడ. అక్క అన్నట్టుగా అందరం అప్ప అనేవాళ్లం. మొగుడూ మరుదులూ సముద్రం మీద వేటకి వెళ్లే కుటుంబం. బుట్ట ఖాళీ అయ్యాక మా మెట్టు మీద కూర్చుని చల్లబడి ఇంటికి వెళ్లేది. చదువు రాదు. కథ మధ్యలో నన్ను ఆపి ప్రశ్నలు వేసేది.

"ఆ ఓడ కింద నీరు నేదంతావు. మరి దేని మీద తేల్తంది?"

"దేని మీదా తేలదప్పా. కింద అనేదే ఉండదక్కడ."

"కింద నేకపోతే మునగడవూ ఉండదు. మరింక బయవేటి?" అంది.

ఆ రాత్రి అధ్యాయం మళ్లీ చదువుకున్నాను. మునిగిపోవడం కంటే దారి తప్పడం ఎందుకు భయమో పుస్తకంలోనే రాసి ఉంది, నేనే హడావుడిగా దాటేశాను. మర్నాడు మళ్లీ చెప్తే అప్ప తలూపింది. "ఇప్పుడు బాగున్నాది," అంది.

కథ అయిపోయాక అత్త ఒకటే పట్టు పట్టింది. "ఇది తెలుగులో రాసీ. అరలో పెడదాం."

"నేను రాయడమేంటత్తా?"

"నోటితో సెప్పినావు కదా. అదే సేత్తో సెప్పు."

ఆ పని నేననుకున్నంత తేలిక కాలేదు. నోటితో చెప్పేటప్పుడు చేతులు తిప్పుతాం, మొహం పెడతాం. కాగితం మీద అవేవీ పనికిరావు. భూమ్యాకర్షణ అని రాస్తే క్లాసు పుస్తకంలా ఉంటుంది, గ్రావిటీ అని రాస్తే అత్తకి తెలియదు. రాసిన పేజీలు అత్త చదివి, అర్థం కాని మాట కింద పెన్సిల్‌తో గీత గీసేది. కారణం చెప్పేది కాదు, గీత మాత్రమే. మొదటి అధ్యాయం నా చేతికి తిరిగొచ్చినప్పుడు అది వానలో తడిసినట్టుంది, అన్ని గీతలు. కోపం వచ్చింది. రెండు రోజులు షాపుకి వెళ్లలేదు. మూడోరోజు వెళ్లి మొత్తం మళ్లీ రాశాను. చివరి అధ్యాయానికొచ్చేసరికి గీతలు బాగా తగ్గాయి. తల్లి అధ్యాయం మీద ఒక్క గీతా లేదు. ఆ పేజీలు మాత్రం అత్త చాలాసేపు తన దగ్గరే ఉంచుకుంది.

పక్కసందులో బైండింగు చేసే ఆయన ముదురునీలం కాలికో గుడ్డ వేసి కుట్టిచ్చాడు. అత్త దాని వీపు మీద తెల్లకాగితం అంటించి, మిగతా పుస్తకాలకి వేసినట్టే నంబరు వేసి, అరలో సరిగ్గా కంటికి ఎదురుగా కనిపించే చోట పెట్టింది. రచయిత పేరు ఇంగ్లీషాయనదే రాశాను. నా పేరు ఎక్కడా రాయలేదు. అత్త ఊరుకోలేదు. లోపలి పేజీలో తన గుండ్రటి అక్షరాలతో "తెలుగు: మా అమ్మాయి" అని రాసింది. షాపు తెరిచాక మొదట వచ్చిన మనిషి చెయ్యి చాచి ఆ పుస్తకం దగ్గర ఆగి, పక్కది తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజంతా నేను ఎవరి వైపూ చూడలేకపోయాను. సాయంత్రం ఒక కాలేజీ అమ్మాయి దాన్ని తీసుకెళ్లింది.

ఆ అమ్మాయి తిరిగిచ్చినప్పుడు చివరి పేజీలో రాత ఉంది. "ఆకాశంలో అన్నం ఎవరు వండుతున్నారో ఎక్కడా రాయలేదు. మిగతాదంతా బాగుంది."

అత్త రబ్బరు తీసింది. ఆ రాత రెండోసారి చదివింది. తర్వాత రబ్బరు డబ్బాలో పెట్టేసింది.

"ఉండనీ. దీనికి ఎవులేటన్నారో మనకి తెలాల," అంది. బైండింగు ఆయనతో చెప్పి వెనక మరికొన్ని ఖాళీ కాగితాలు కుట్టించింది.

తర్వాత ఆ కాగితాల మీద జరిగిన గొడవ ఇంతా అంతా కాదు. "కెప్టెన్ ఆడమనిషి కావడం నమ్మేలా లేదు" అని ఒకరు రాశారు. దాని కింద వేరే చేతిరాతలో, "మీ ఇంట్లో కెప్టెన్ ఎవరో ఒకసారి చూసుకోండి" అని ఉంది. స్టీల్ ప్లాంటు కడుతున్న చోట పనిచేసే ఒకాయన, "మాట్లాడే యంత్రం చివర్లో మొరాయించడం అచ్చు మా సైట్లో క్రేన్‌లా ఉంది, చదువుతుంటే డ్యూటీలో ఉన్నట్టే అనిపించింది" అని రాశాడు. అది మెచ్చుకోలో కాదో మాకు తెలియలేదు. అన్నిటికంటే ఎక్కువ గొడవ ముగింపు మీద. ఇల్లు కనిపించే దూరానికి వచ్చాక ఇంకో సందేశం వినిపిస్తే, కెప్టెన్ ఓడని వెనక్కి తిప్పి మళ్లీ చీకట్లోకే వెళ్తుంది. "ముగింపు అన్యాయం", "ఇంటికి రావాల్సింది", "ఇంటికొస్తే ఇంక కథేముంది". చదువు రాని అప్ప నాచేత రాయించింది: "పిలిచినోళ్లని ఒగ్గీసి ఇంటికొస్తే, అన్నం నోట్లోకి ఎల్తదా?"

ఇక మాస్టారి సంగతి. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఆయన అత్త వాళ్ల సందు మొదట్లో ఉండేవారు. వారపత్రికల కోసం షాపుకి వచ్చేవారు. ఒకరోజు నీలం పుస్తకం చేతిలోకి తీసుకుని, మొదటి పేజీ చూసి, మళ్లీ అరలో పెట్టేశారు.

"టీవీ సీరియల్‌కి రాసిన పుస్తకమా ఇది! ఇది నవల కాదమ్మా. సీరియల్ అమ్ముడుపోవడానికి కూలికి రాయించేది. ఇంత కష్టపడి తెలుగు చేసే బదులు మంచి పుస్తకమేదైనా చెయ్యకపోయావా?" అన్నారు నాతో.

మొహం వేడెక్కిపోయింది. అత్త మాత్రం కుర్చీలోంచి లేవకుండానే అడిగింది.

"సదివేరా మాస్టారూ?"

"చదవక్కర్లేదమ్మా, ఇలాంటివి నాకు తెలుసు."

"సదవకుండా సెప్తే అది అభిప్రాయం కాదండి. తీసుకెళ్లండి. అద్దె వద్దు. ఆ ఇంగ్లీషుదీ తీసుకెళ్లండి. రెండూ సూసి, ఎనకాల కాయితం మీద రాయండి."

మాస్టారు కాస్త చిరాగ్గానే తీసుకెళ్లారు. చాలా రోజులకి తెచ్చిచ్చారు. లోపల నా అక్షరదోషాలన్నీ ఎర్రసిరాతో దిద్ది ఉన్నాయి. వెనకపేజీలో, ఎవరూ పోల్చుకోకుండా ఉండలేని ఆయన అందమైన చేతిరాతలో ఒకే ముక్క: "అనువాదం మూలానికి విధేయంగా ఉంది. మూలమే అంత విధేయతకు అర్హమైనది కాదు. – ఒక పాఠకుడు."

నేను దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో. తిట్టు ఎవరికో, మెప్పు ఎవరికో తేల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. అప్ప చదివించుకుని విని, "మాట్టారికి ఏటి కావాలో మాట్టారికే తెల్దు. అదీ రాయి," అంది. రాశాను. మర్నాడు మాస్టారు అది చూసి, వారపత్రిక తీసుకుని వెళ్లిపోయారు.

అదంతా జరిగిన తర్వాతే మా ఊళ్లోకి టీవీ వచ్చింది. మేడల మీద యాంటెన్నాలు మొలిచాయి. షాపు సందు చివర పప్పుల హోల్‌సేల్ షావుకారిగారింట్లో కొన్నారు. బుధవారం, శుక్రవారం పాటలకీ, ఆదివారం సినిమాకీ వాళ్ల హాలు చాలక జనం కిటికీలకి వేలాడేవారు. ఒకరోజు పేపర్లో వారం కార్యక్రమాలు చూస్తుంటే నా కళ్లు ఒకచోట ఆగిపోయాయి. ఆదివారం పొద్దున్న ఇంగ్లీషు సీరియల్ కొత్తగా మొదలవుతోంది. పేరు మా పుస్తకానిదే.

పేపరు పట్టుకుని బస్సెక్కి షాపుకి పరిగెత్తాను. అత్త ఆ పేరు రెండుసార్లు చదువుకుంది. తర్వాత మొహం కడుక్కుని చీర మార్చుకుని, నేరుగా షావుకారిగారి భార్య దగ్గరికి వెళ్లింది. ఆవిడా మా నీలం పుస్తకం చదివినావిడే. "రండి వదినా, అందరూ రండి," అంది.

ఆ ఆదివారం ఆ హాల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది మా పాఠకులే. అన్నం ఎవరు వండుతున్నారని అడిగిన అమ్మాయి వచ్చింది. అప్ప బుట్ట గుమ్మం బయట పెట్టి వచ్చి ముందువరసలో కూర్చుంది. మాస్టారికి కుర్చీ వేశారు. నన్ను టీవీ పక్కన నిలబెట్టారు. మాటలన్నీ ఇంగ్లీషే కదా, తెలుగులో చెప్పే పని నాది. అన్నేళ్ల చదువులో ఏ పరీక్షకీ అంత భయపడలేదు.

తెర మీద చుక్కలు వచ్చాయి. చుక్కల్లోంచి ఓడ వచ్చింది. కెప్టెన్ కనిపించగానే, "అదిగో, ఆ గుంటే," అంది అప్ప గట్టిగా, ఏళ్లనాడు విడిపోయిన చుట్టాన్ని గుర్తుపట్టినట్టు. కాసేపటికి ఓడలో తలుపు మూసుకుంటే అట్టతో చేసినట్టు గోడంతా ఊగింది. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. మాట్లాడే యంత్రం వచ్చింది. పుస్తకంలో దాని మాటలు చదువుతుంటే వెన్నులో చలి పుట్టేది. ఇక్కడ అది ఒక పెట్టె, దాని మీద ఆరుతూ వెలుగుతూ ఒక బల్బు. నేను మాత్రం మాటలు అందిస్తూనే ఉన్నాను. సందేశం వచ్చింది. వెళ్లాలని కెప్టెన్ నిర్ణయించింది. ఓడ చీకట్లోకి దూరింది. ఆ వారానికి అయిపోయింది.

"మరి ముసిల్దేదే?" అంది అప్ప.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఓడ సీకట్లోకి ఎల్లకముందే కదే తల్లి కత. రేడియో కాడ కూకుంటది కదా. ఏదీ? సూపించనేదే?"

"టీవీలో ఆ ముక్క లేదప్పా," అన్నాను.

"లేదా?" అంది షావుకారిగారి భార్య. "మరి పుస్తకంలో ఎలా వచ్చింది?"

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆ తల్లి కోసం ఏడ్చినవాళ్లు వాళ్లంతా. వెనకపేజీల్లో ఎక్కువ మంది మెచ్చుకున్నది ఆ అధ్యాయాన్నే. అప్ప నావైపు తిరిగింది. కళ్లలో కోపం లేదు. అంతకంటే కష్టంగా ఉంది ఆ చూపు.

"నిజం సెప్పు తల్లీ. నువ్వే కల్పించీసేవా?"

"లేదప్పా, ఒట్టు. ఇంగ్లీషు పుస్తకంలో ఉంది."

"మాకు ఇంగ్లీసు రాదు కదే," అంది మెల్లగా.

రుజువు చూపించడానికి పుస్తకం తెచ్చినా అప్ప ఎలా చదవగలదు? అత్త వైపు చూశాను. అత్త ఏదో అనబోయింది. అంతలో కుర్చీ చప్పుడైంది. మాస్టారు లేచి నిలబడ్డారు.

"అమ్మా, ఒక్కమాట," అన్నారు. క్లాసులో వినిపించే గొంతు అది. "నేను ఆ ఇంగ్లీషు పుస్తకం చదివాను. తెలుగు పక్కన పెట్టుకుని, వాక్యం వాక్యం సరిచూశాను. తప్పులు పట్టుకుందామనే చూశాను. ఆ తల్లి అధ్యాయం అందులో ఉంది. ఈ పిల్ల ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తియ్యలేదు."

"మరి టీవీలో ఎందుకు లేదండి?" అంది కాలేజీ అమ్మాయి.

మాస్టారు కండువా సర్దుకున్నారు.

"టీవీవాళ్లు ఇచ్చిన కథలో ఆ తల్లి ఉండి ఉండదమ్మా. పుస్తకం రాసినతను కలిపాడు. కూలికి రాసేవాడని నేనే అన్నాను. రాయమన్నంతే రాసి ఊరుకోవచ్చు, ఎవరూ అడగరు. అతనలా ఊరుకోలేదు. ఆ సంగతి నాకు ఇవాళ ఇక్కడ కూర్చుంటేనే తెలిసింది," అన్నారు.

అప్ప నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "నానూ అదే అనుకున్నాను. నీకు పెళ్లే అవనేదు, తల్లి మనసు నీకేటి తెల్సని," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కళ్లు తుడుచుకుంటూనే. అత్త మాత్రం నవ్వలేదు. తిన్నగా కూర్చుని, హాలంతా ఒకసారి కలయజూసింది. బావ మొదటిసారి ఓడ యూనిఫాంలో ఇంటికొచ్చినప్పుడు సందులో నడుస్తూ అలాగే చూసింది. నా గురించి అలా గర్వంగా చూసింది ఆ ఒక్కరోజే. ఆ తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, ఇంకా చాలా జరిగాయి. దేనికీ అంత గర్వపడలేదు నేను.

ఆ సీరియల్ వచ్చినన్ని ఆదివారాలూ మేమంతా వెళ్లాం. మా పాఠకులు పుస్తకాన్నీ టీవీనీ పక్కపక్కన పెట్టి తూచేవారు. ఓడలూ చుక్కలూ టీవీలోనే బాగున్నాయనేవారు. మనుషులు మాత్రం పుస్తకంలోనే ఉన్నారనేవారు. మాస్టారు ఎదురుతిరిగేవారు. టీవీలో కెప్టెన్‌గా వేసినావిడ కళ్లతోనే సగం కథ చెప్తోందని, పుస్తకం అది చెయ్యలేకపోయిందని ఆయన వాదన. అందరం ఆయన మీద పడేవాళ్లం. ఆయనా తగ్గేవారు కాదు. పుస్తకం చదవని షావుకారిగారి పిల్లలకి, తర్వాతి వారం ఏం జరుగుతుందో అప్ప ముందే చెప్పేస్తుంటే వాళ్లు చెవులు మూసుకుని అరిచేవారు. నీలం పుస్తకానికి ఎంత గిరాకీ పెరిగిందంటే, నేను మొత్తం మళ్లీ రాసి ఇంకో ప్రతి కట్టించాల్సి వచ్చింది. ఈసారి అక్షరదోషాలు లేవు. మాస్టారు దిద్దినవే చూసి రాశాను.

బావ సెలవు మీద వచ్చేసరికి ఇదంతా జరిగిపోయింది. వచ్చిన రోజే అందరూ తలో ముక్కా చెప్పారు. మర్నాడు మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని, తెచ్చిన పుస్తకం తెలుగులో మొదటిసారి చదివాడు. తల్లి అధ్యాయం దగ్గర ఆగి, లోపలికి చూసి అన్నాడు.

"అమ్మా, నాను ఓడెక్కినప్పుడు నువ్వూ ఇలగే కూకుంటావేటి?"

"నాకు షాపు నేదేటి కూకోడానికి?" అంది అత్త, పుస్తకాల దుమ్ము దులుపుతూ. "పన్లేనోళ్లు కూకుంటారు. సదివేవు కదా, ఎనకాల రాయి."

బావ పెన్ను తీసుకుని చాలాసేపు ఆలోచించాడు. "ఈ సీరియల్ పరదేశంలో నేను చూశాను. ఇంగ్లీషులో అర్థం కాని సంగతులు మా మరదలు రాసిన దాంట్లో అర్థమయ్యాయి. ఇంటికి త్వరగా రావాలనిపించింది" అని రాసి, మిగతావాళ్లలా దాచుకోకుండా సంతకం పెట్టాడు. అత్త చదివింది. పుస్తకాన్ని అరలో పెట్టింది. ఆ సాయంత్రం మామూలుగా తెరిచే వేళకి షాపు తెరవలేదు. తలుపేసి కొడుక్కి చేపల పులుసు వండింది.

ఆ తర్వాత కొన్నాళ్లకి నాకు ఉద్యోగం వచ్చింది. గోపాలపట్నం నుంచి రోజూ బస్సు. ఒక సాయంత్రం ఇంటికి వస్తున్నాను. నా ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు, వదినామరదళ్లు కాబోలు. అచ్యుతాపురం వైపు పల్లెటూరి యాస. వాళ్లలో పెద్దావిడ కథ చెప్తోంది. మొదట పట్టించుకోలేదు. ఆకాశంలో ఓడ అన్న మాట వినపడగానే చెవులు రిక్కించాను.

"ఆ కేప్టేనుందే, దానికి తల్లొకతే. తల్లికేమో కళ్లు కనపడవు. రేడియోలో కూతురు గొంతు ఇనపడతాదని సూత్తుంటాది."

తల్లికి కళ్లు కనపడకపోవడం మా పుస్తకంలో లేదు. ఇంగ్లీషులోనూ లేదు. చెప్పబోయి ఆగిపోయాను.

"నువ్వు సదివేవా వదినా?" అంది చిన్నావిడ.

"నాను సదవనేదు. మా సెల్లి వన్ టౌన్‌లో ఉంటాది, అది సదివి సెప్పింది. రాసిందెవులో గాని, ఆఖర్న దాన్ని ఇంటికి రానివ్వనేదు. నాకు నచ్చనేదు. నానైతే తెచ్చీసీదాన్ని."

"తెచ్చీసి ఏం సేత్తావు?"

"ఏటి సెయ్యడవేటి? తల్లి కాడ నాల్రోజులుంటాది. మళ్లీ ఎల్తాది."

చిన్నావిడ ఒప్పుకోలేదు. ఒకసారి ఇంటికొస్తే మళ్లీ వెళ్లబుద్ధి కాదంది. ఇద్దరూ వాదించుకోవడం మొదలుపెట్టారు. కండక్టరు వచ్చి టిక్కెట్టు అడిగితే పెద్దావిడ విసుక్కుంది. నేను దిగాల్సిన స్టాపు వచ్చింది. ఎవరు నెగ్గుతారో చూడాలనిపించి దిగలేదు. ఆ తర్వాతి స్టాపు దాకా కూర్చుని విని, వెనక్కి నడుచుకుంటూ ఇంటికి వెళ్లాను.